బ్రహ్మకమలం: ఈ ఏడాది 14 మొగ్గలు, 14 రాలాయి

జులై 4 ఉదయం ఆరున్నరకు తలుపు తీసేసరికి వీధి అరుగు మీద చివరి మొగ్గ పడి ఉంది. ముందురోజు సాయంత్రం దాని పొడవు 7.2 సెంటీమీటర్లు. తక్కిన పదమూడూ జూన్ నెలాఖరుకే పోవడంతో ఆశంతా దాని మీదే పెట్టుకున్నాను. పోయిన ఏడాది జులైలో 11, సెప్టెంబరులో 7 ఇలాగే రాలాయి. నాలుగేళ్ల మొక్క, నాలుగున్నర అడుగుల రెమ్మలు, చూసినవారంతా మెచ్చుకునే పచ్చదనం, కానీ ఇంతవరకు ఒక్క పువ్వు లేదు. కోనసీమలో ఈ మొక్క లేని వీధి అరుదు కనుక, ఈసారి పుస్తకంలో రాసుకున్న కొలతలన్నీ ఇక్కడ ఉంచుతున్నాను. ఇదే బాధ పడుతున్నవారికి వీటిలో ఏదో ఒకటి పనికి రావచ్చు.



ఈ ఏడాది మొగ్గలు జూన్ 12న కనిపించాయి. ఐదు రెమ్మల అంచుల మీద, నొక్కుల్లో, చీమ తలకాయంత ఎర్రటి బుడిపెలు. జూన్ 19 నాటికి సగటున 2.5 సెంటీమీటర్లు పెరిగాయి. 24న అన్నిటికన్నా పెద్దది 4.8 ఉంది. 25 ఉదయం మూడు, 27న ఆరు, 30న నాలుగు రాలాయి. రాలే తీరు ప్రతిసారీ ఒక్కటే. మొగ్గ కాడ రెమ్మను కలిసే చోట ముందు నిమ్మపండు రంగు వస్తుంది, ఒకటిన్నర రోజులో అది కాడ సగం దాకా పాకుతుంది, ఆ తరువాత గాలి తగిలినా చాలు. ఊడిన చోట గాయం ఉండదు, నున్నగా ఉంటుంది. అంటే పురుగు కొరికినది కాదు, మొక్క తనంతట తాను వదిలించుకుంటున్నది.

27న రాలిన ఒక 5.1 సెంటీమీటర్ల మొగ్గను బ్లేడుతో నిలువునా చీల్చి చూశాను. లోపల రేకులు తడి ఉల్లిపొరల్లా తెల్లగా ఒకదానినొకటి చుట్టుకుని ఉన్నాయి. కేసరాలు పాడు కాలేదు, మధ్యలో నక్షత్రం ఆకారంలో విడిపోవలసిన కీలాగ్రం కూడా అప్పటికే ఏర్పడింది. చెడినది అడుగున మాత్రమే. కాడ మొదలయ్యే చోట మిల్లీమీటరు మందాన గోధుమ రంగు వలయం కనిపించింది. మిగతా మొగ్గలను తెల్ల కాగితం మీద దులిపి భూతద్దంతో వెదికాను. తామర పురుగులు లేవు, పిండినల్లి లేదు. మొగ్గలో దోషం లేదని, దానికి అందవలసినది కింది నుంచి అందడం లేదని ఆ రోజే అర్థమైంది.

వాతావరణాన్ని తప్పుపట్టడానికి వీల్లేదు. నా మొక్కకు తల్లి మొక్క ముక్తేశ్వరంలో మా పిన్నిగారింట్లో ఉంది. అదే ఎండ, అదే ఉక్క. జూన్ 28 రాత్రి ఏడున్నరకు పిన్ని ఫోను చేసి, "అబ్బాయ్, తొమ్మిది విచ్చుతున్నాయిరా, హారతి ఇచ్చేలోపు వచ్చెయ్యి" అన్నది. నేను వెళ్లేసరికి వీధిలో ఆడవాళ్లంతా పసుపు కుంకాలతో నిలబడి ఉన్నారు. ఎనిమిదిన్నరకు పై రేకులు సన్నగా వణుకుతూ విడివడడం మొదలైంది, పదకొండుకు ఒక్కొక్కటి చిన్న పళ్లెమంత అయింది, తెల్లవారేసరికి తొమ్మిదీ తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. ఏడాదికి ఒక్కసారే పూస్తుందని అందరూ అనుకుంటారు గాని, పిన్ని మొక్క పోయిన ఏడాది మూడు విడతలు పూసింది. పురాణ గాథల్లో చెప్పే హిమాలయాల బ్రహ్మకమలం వేరు. అది చలి కొండల మీద పెరిగే, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన మొక్క, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. మన అరుగుల మీద ఉన్నది మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల కొమ్మల సందుల్లో బతికే ముళ్లులేని కాక్టస్. మనం ఆకులనుకునేవి నిజానికి దాని చదునైన కాండాలు. చెట్టు మీద బతికే మొక్క అన్న ఈ ఒక్క విషయాన్ని నేను ముందే గట్టిగా పట్టించుకుని ఉండవలసింది. కొమ్మల సందున పోగైన ఆకు చెత్తలో, వాన నీటితో, ఇరుకుగా బతకడానికి అలవాటుపడిన వేళ్లు దానివి.

మొదటి అనుమానం నీటి మీద పడింది. నీటిలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరును జనవరిలో కొన్నాను, దానితో మా కుళాయి నీటిని ప్రతి ఆదివారం చూస్తున్నాను. మార్చిలో 290 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు). వేసవికి కాలువలు కట్టేశాక మంచినీటి చెరువు మే రెండో వారం వరకే వచ్చింది, తరువాత బోరు నీరు వదిలారు, అప్పుడు 1,180. తాగే నీటికి మన దేశ ప్రమాణం 500, గత్యంతరం లేనప్పుడు 2,000 వరకు అనుమతి ఉంది కనుక మనుషులు సర్దుకోగలరు, కానీ కుండీలో ఉన్న మొక్క ప్రతి రోజూ ఆ ఉప్పును కూడబెట్టుకుంటూ పోతుంది. జూన్ 22న మళ్లీ కాలువ నీరు కుళాయికి వచ్చింది, 260 చూపింది. మూడో రోజునే మొగ్గలు రాలడం మొదలైంది. నీటి మార్పే కారణమని తేల్చేసేవాణ్ణే, కానీ పోయిన సెప్టెంబరులో ఏ మార్పూ లేకుండానే 7 రాలాయి కదా అన్న సంగతి అడ్డు వచ్చింది.

అందుకని కుండీ అడుగు నుంచి కారే నీటిని కొలిచాను. అర లీటరు వాన నీరు పోసి, మొదట కారిన వంద మిల్లీలీటర్లు పట్టాను. పోసిన నీరు 22, కారిన నీరు 2,640. అంకె చూసి మీటరు పాడైందనుకుని రెండుసార్లు కడిగి మళ్లీ ముంచాను, అంతే వచ్చింది. 28న పిన్ని ఇంటికి వెళ్లినప్పుడు ఆవిడ కుండీని కూడా ఇలాగే పరీక్షించాను: 410. ఆవిడ పోసేది చెరువు నీరు, బియ్యం కడుగు. వేసేది సంక్రాంతికి ఒకసారి చివికిన పేడ.

ఇంత ఉప్పు ఎక్కడిది? బోరు నీటితో పాటు నేను మార్చి నుంచి పదిహేను రోజులకొకసారి లీటరుకు గ్రాము చొప్పున పోసిన 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు) ఉంది. దాన్ని మించిన అనుమానం కొబ్బరి పొట్టు మీద ఉంది. ఫిబ్రవరిలో కుండీ మార్చినప్పుడు మిశ్రమంలో అరవై శాతం పొట్టే వేశాను. పీచు తీసే చోట కుప్ప నుంచి తెచ్చిన తాజా పొట్టు, కడగలేదు. మన డొక్కల పొట్టులో సోడియం, పొటాషియం లవణాలు సహజంగానే ఎక్కువ, ఉప్పునీటిలో నానిన డొక్కలైతే ఇంకా ఎక్కువ. మిగిలిన పొట్టును ఒక వంతుకు రెండు వంతుల వాన నీటిలో అరగంట నానబెట్టి గుడ్డతో వడగట్టి చూస్తే 1,460 చూపింది. కడిగి, ఆరబెట్టి, అదిమినదని పొట్లం మీద అచ్చువేసి అమ్మే ఒక పేరున్న పొట్టు ఇటుక కూడా తెప్పించి ఇదే పరీక్ష చేశాను: 890. అదే కుప్ప పొట్టును ఇంట్లో మూడు నీళ్లు కడిగితే 210కి దిగింది. కోనసీమలో ఉండి పొట్టు ఇటుకలు కొనవలసిన పని లేదన్నది నా అభిప్రాయం. ఒక పూట ఓపిక చేసి కడుక్కోవడం మేలు. ఆఖరి నీటిలో కొంచెం కాల్షియం నైట్రేట్ కలిపితే పొట్టును పట్టుకుని ఉన్న సోడియం, పొటాషియం వదులుతాయి, వట్టి నీటితో అవి పూర్తిగా పోవు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటుంది. 2,640 చూసిన కంగారులో జూన్ 26న, మొగ్గలు మీద ఉండగానే, నాలుగు విడతలుగా 12 లీటర్ల వాన నీరు పోసి కుండీని కడిగేశాను. కారే నీరు 1,720, 980, 610 అంటూ దిగింది. మరుసటి రోజే ఆరు మొగ్గలు రాలాయి. ఉప్పు తగ్గడం మంచిదే, కానీ ఒక్క పూటలో వేళ్ల చుట్టూ పరిస్థితి అంతగా మారడాన్ని మొగ్గ మీదున్న మొక్క తట్టుకోలేదని అనుకుంటున్నాను. కడగవలసి వస్తే మొగ్గలు రాకముందు, లేదా అవి పోయిన తరువాత కడగాలి.

జులై 5న మొక్కను కుండీ నుంచి తీశాను. కుండీ 12 అంగుళాల ప్లాస్టిక్‌ది, వేళ్ల ముద్ద ఐదు అంగుళాలే ఉంది. చుట్టూ ఉన్న పొట్టు పైన పొడిగా, అడుగు నాలుగు అంగుళాల్లో పిండితే నీరు కారేంత తడిగా ఉంది. పై వేళ్లు గోధుమ తెలుపులో గట్టిగా ఉన్నాయి, అడుగు వేళ్లను చేతి వేళ్లతో పట్టి లాగితే తొడుగు ఊడి లోపలి దారం ఒక్కటే చేతికి వచ్చింది. కిందటి నెల కడియపులంక వెళ్లినప్పుడు ఒక నర్సరీలో ఫొటో చూపిస్తే అక్కడి పెద్దాయన అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది: "ఆయ్, దీనికింత కుండీ ఎందుకండి? ఏళ్లు ఇరుగ్గా ఉంటేనే మొగ్గ నిలుత్తాదండి." పిన్ని మొక్క ఆరేళ్లుగా అంచు విరిగిన 8 అంగుళాల మట్టి కుండీలోనే ఉంది, అందులో సగం ఇటుక ముక్కలే. కాబట్టి నా అనుమానంలో ముప్పాతిక భాగం పెద్ద కుండీ, కడగని పొట్టు, ఈ రెండూ కలిసి అడుగు వేళ్లను చంపడం మీద ఉంది. మిగతా పావు నీటి మార్పు మీద ఉంది. ఈ మొక్కకు ప్లాస్టిక్ కుండీని నేను ఇక వాడను.

ఇంకొక అనుమానం కూడా రాయాలి. గుమ్మడి పిందెను, మొగ్గను వేలు పెట్టి చూపిస్తే రాలిపోతుందని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. నేను రోజూ దారం, స్కేలు పట్టుకుని 14 మొగ్గలనూ వంచి కొలుస్తుంటే చూసి ఆవిడ బాధపడింది, దిష్టి తగిలిందని నల్లదారం కూడా కట్టింది. లేత కాడను రోజూ తాకి వంచడం దానికి మంచిది కాదు; పిందెను ఎవరూ ముట్టకుండా కాపాడడానికి పెద్దలు పెట్టుకున్న కట్టుబాటు అది అయి ఉండాలని నాకనిపిస్తోంది. వచ్చే విడతలో సగం మొగ్గలను అసలు తాకను. వెనుక స్కేలు నిలబెట్టి ఫొటోలో పొడవు చూసుకుంటాను, తేడా తేలుతుంది.

ఈ మొక్కకు ఎంత నీరు కావాలో తెలియడానికి స్నేక్ ప్లాంట్ల మాట ఒకటి చెప్పాలి. మా మరదలు పడకగదికి నాలుగు స్నేక్ ప్లాంట్లు కావాలని, అవి రాత్రి ఆక్సిజన్ ఇస్తాయని అడిగింది. అవి పూర్వం నార తీసిన మన చాగకు దాయాదులు. రాత్రి పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకునే మాట నిజం, ఆక్సిజన్ మాత్రం వెలుగుంటేనే వెలువడుతుంది. గాలిని శుభ్రం చేస్తాయన్న పేరు 1989లో నాసా తరఫున మూసిన పెట్టెల్లో జరిగిన ప్రయోగాల నుంచి వచ్చింది. ఆ తరువాతి లెక్కల ప్రకారం, కిటికీల గాలి చేసే పనిని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలి. అయినా నాలుగూ ఇచ్చాను, మొక్క ఎదుట ఉంటే కలిగే నెమ్మదికి ఆ లెక్కలు అక్కరలేదు. గుమ్మానికి తలకిందులుగా కట్టిన కలబంద నెలల తరబడి బతకడానికి, బ్రహ్మకమలం చెట్టు కొమ్మ మీద నీరు లేని రోజులు నెట్టుకురావడానికి కారణం ఈ రాత్రి ఊపిరే. పగలు రంధ్రాలు మూసుకుంటాయి కనుక నీరు ఎక్కువగా పోదు. నేను బ్రహ్మకమలానికి మామూలు మొక్కకు పోసినట్లు రోజూ నీరు పోశాను.

ఇక చేయబోయే పని. చచ్చిన వేళ్లు తీసేసి నా మొక్కను 8 అంగుళాల మట్టి కుండీలోకి మార్చాను. ఇటుక ముక్కలు రెండు వంతులు, చివికిన ఆకు ఎరువు రెండు, గోదావరి ఇసుక ఒకటి, మూడుసార్లు కడిగిన పొట్టు ఒకటి. వారం దాకా నీరు లేదు, సెప్టెంబరు వరకు ఎరువు లేదు. పిన్ని మొక్క నుంచి మూడు, నా మొక్క నుంచి మూడు రెమ్మలు కోసి నీడలో ఆరబెడుతున్నాను. రెండు చోట్ల రెమ్మలూ ఇదే మిశ్రమంలో ఒకటి, కాల్షియం నైట్రేట్ పట్టించిన పొట్టులో ఒకటి, పిన్ని పద్ధతిలో ఇటుక, పేడతో ఒకటి నాటుతాను. వచ్చే వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు బోరు నీటి జోలికి పోకుండా పెంకుల చూరు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టాను. మొన్నటి వానకు 140 లీటర్లు నిండింది, మీటరు 24 చూపింది. నాచు పట్టకుండా దాన్ని నల్ల పట్టాతో కప్పాలి, దోమలు చేరకుండా మూతికి సన్నని వల కట్టాలి.