వీడియోలో అక్కరలేని భాగాన్ని నాణ్యత తగ్గకుండా తొలగించడం

మా ఊరి ఆలయంలో జరిగిన హరికథ వీడియోలో మైకు సరిచేసే నిమిషాలనూ, విరామంలోని ప్రకటనలనూ తీసివేయడానికి నేను ఉచితంగా లభించే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అవిడెమక్స్‌ను ఎంచుకున్నాను. ఇందులో వీడియో, ఆడియో రెండింటికీ ‘కాపీ’ అన్న ఎంపికనే ఉంచితే దృశ్యాలు మళ్లీ ఎన్‌కోడ్ కావు, అంటే వాటిని కొత్తగా కుదించి రాయడం జరగదు. అందువల్ల నాణ్యత ఏమాత్రం తగ్గదు, పాత కంప్యూటరులో సైతం పని త్వరగా ముగుస్తుంది.

తొలగించవలసిన భాగం మొదట ‘ఏ’ గుర్తును, చివర ‘బి’ గుర్తును పెట్టి డిలీట్ మీట నొక్కాలి. అసలు జాగ్రత్త అవసరమయ్యేది ‘బి’ గుర్తు దగ్గరే. సాధారణంగా వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి చిత్రం కాదు; ఐ-ఫ్రేములు మాత్రమే స్వతంత్రంగా నిలుస్తాయి, తక్కినవి ఇతర ఫ్రేములతో తమకున్న తేడాలనే ప్రధానంగా దాచుకుంటాయి. కాబట్టి కోత తరువాత మిగిలే భాగం ఐ-ఫ్రేముతో మొదలుకాకపోతే, చిడతలు పట్టుకున్న భాగవతారుగారి చేతులూ ముఖమూ కాసేపు గళ్లుగళ్లుగా చెదిరిపోయి కనిపిస్తాయి. పై, కింది బాణం మీటలతో ఒక ఐ-ఫ్రేము నుంచి మరొకదానికి వెళ్లవచ్చు. ఏ రకం ఫ్రేము మీద ఉన్నామో తెర అడుగున కనిపిస్తుంది.

మనకు కావలసిన చోట ఐ-ఫ్రేము దొరకనప్పుడు, కీర్తన ఎత్తుగడను పోగొట్టుకోవడం కంటే దానికి ముందున్న ఐ-ఫ్రేము దగ్గరే ఆగి, అక్కరలేని క్షణాలు కొన్ని ఉండనివ్వడమే మేలని నా దృఢమైన అభిప్రాయం. చివరగా, దృశ్యాన్నీ శబ్దాన్నీ ఒకే ఫైలుగా కూర్చే ఎంపీ4 మక్సర్‌ను ఎంచుకుని, మూల ఫైలు చెరిగిపోకుండా కొత్త పేరుతో భద్రపరచాలి.