రొయ్యకున్న పరీక్ష మనిషికి లేదు

మా నెల్లూరు జిల్లాలో ఐరోపాకు ఎగుమతి చేయదలచిన చెరువు రొయ్యకు, పట్టుబడికి ముందే క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్ మందుల అవశేషాల పరీక్ష జరుగుతుంది. ఆ చెరువు గట్టున కాపలా ఉండే మనిషికి సెగవ్యాధి (గనేరియా) సోకితే మాత్రం, అతని ఒంట్లోని క్రిమి ఏ మందుకు లొంగుతుందో చూసేవారు అరుదు. మందు అవశేషం వేరు, క్రిమి మొండితనం వేరు అని ల్యాబులో పనిచేసిన నాకు తెలియకపోలేదు. అయినా ఈ పోలిక మనసును వదలదు.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, మూత్రనాళం నుంచి చీము కారుతోందని సురక్ష క్లినిక్‌కు, అంటే సుఖవ్యాధులకు చికిత్స చేసే ప్రభుత్వ క్లినిక్‌కు, వచ్చిన వారికి బూడిద రంగు కిట్టు ఇచ్చేవారు. అందులో అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు ఉండేవి. లక్షణాన్ని చూసి అప్పటికప్పుడు మింగించే ఆ పద్ధతిని నేను తప్పుపట్టను, ఎందుకంటే హైవే మీద వెళ్లే లారీ డ్రైవరు రిపోర్టు కోసం మళ్లీ వస్తాడనుకోవడం అత్యాశే. కాని ఈ జబ్బుకు వాడే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌కు కూడా లొంగని సెగక్రిమి రకం 2009లో జపాన్‌లోని క్యోటోలో ఒక మహిళ గొంతులో దొరికింది. చీమును బట్టి మందిచ్చే చోట గొంతును ఎవరు చూస్తారు?

ఇక నమూనా సంగతి. ఏ నమూనానైనా ఐస్ డబ్బాలో పెట్టి పంపడం మనవాళ్ల అలవాటు, కాని ఈ క్రిమి చలికి తాళలేదు, ఆరిపోతే బతకదు. మెట్ట ప్రాంతపు ఆసుపత్రి ఒకటి ఐస్‌లో పెట్టి పంపిన స్వాబ్‌కు (దూదిపుల్లతో తీసిన నమూనాకు) 'పెరుగుదల లేదు' అని రాసి నేనే సంతకం పెట్టాను. ఆ కాగితాన్ని చదివినవారు రోగమే లేదనుకుని ఉంటారు.

అందరికీ కల్చర్, అంటే క్రిమిని ల్యాబులో పెంచి చూడటం, చేయనక్కరలేదు. మందు మింగి వారం దాటినా చీము ఆగని రోగి నుంచి స్వాబ్ తీసి, క్లినిక్‌లోనే క్రిమిని పెంచే చాక్లెట్ అగార్ ప్లేటు మీద గీసి, కొవ్వొత్తి వెలిగించి మూత బిగించిన జాడీలో ఆ పూటే నెల్లూరు లేదా ఒంగోలు వైద్య కళాశాలకు చేర్చగలిగితే చాలు. అయితే అటువంటి రోగి క్లినిక్‌కు తిరిగి రాడు, దారిలో కనిపించిన మందుల షాపుకు వెళ్తాడు. అక్కడ సెఫిక్సిమ్ అమ్మకాన్ని హెచ్1 రిజిస్టరులో, అంటే కొన్ని మందుల అమ్మకాలకు షాపు విడిగా ఉంచాల్సిన పుస్తకంలో, రాయాలి. డాక్టరు పేరుకు, రోగి పేరుకు, మందుకు, పరిమాణానికి గడులున్నాయి గాని, ఏ జబ్బుకు కొన్నాడో రాసే గడి అందులో లేదు.