బ్యాటరీలు కొనే ముందు ఒక్కసారి మీటర్ పెట్టి చూడండి

నాన్నకి మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. గేటు దగ్గర నుంచి పెరటి చివర మొక్కల దాకా వెళ్లాలంటే మధ్యలో రెండుసార్లు కూర్చోవాల్సి వస్తోంది. అందుకే పాత ఎలక్ట్రిక్ గోల్ఫ్ కార్ట్ ఒకటి దొరికితే వెంటనే తెచ్చుకున్నాను. 48 వోల్టుల బండి, సీటు కింద 8 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఆరు. పెడల్ తొక్కితే టిక్‌మని సోలెనాయిడ్ (బ్యాటరీల కరెంటును మోటారు వైపు వదిలే పెద్ద స్విచ్) శబ్దం వచ్చి కదిలేది, చదును నేల మీద బాగానే పోయేది, చిన్న ఎత్తు వస్తే చాలు నీరసించి ఆగిపోయేది.

చూసిన ప్రతివాళ్లూ బ్యాటరీలు పోయాయనే అన్నారు. నాన్న కూడా "ఒరేయ్, ఆ బ్యాటరీలేవో మార్చేస్తే పోలా" అన్నారు. వాళ్లు అన్నది సగం నిజమే. మిగతా సగం తెలుసుకోకుండా కొత్త బ్యాటరీలు పెట్టి ఉంటే వాటినీ పాడు చేసుకునేవాణ్ణి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రాత్రంతా చార్జ్ చేసి, కొన్ని గంటలు వదిలేసి కొలిస్తే మొత్తం 50 వోల్టుల పైనే ఉంది. ఆ అంకె చూసి బ్యాటరీలు బాగున్నాయని అనుకోకూడదు, బరువు పడ్డప్పుడు ఎంత ఉంటుందో చూడాలి. మల్టీమీటర్ వైర్లు సీటు కింద నుంచి బయటికి తీసి, నాన్న నడుపుతుంటే పక్కన కూర్చుని, అదే ఎత్తు మీద ఆరుసార్లు తిరిగి ఒక్కో బ్యాటరీ చదివాను. ఐదు బ్యాటరీలు 7 వోల్టుల పైనే నిలబడ్డాయి, ఒక్కటి మాత్రం బాగా కిందికి జారిపోయింది. లోపలి యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ పెడితే అసలు సంగతి తెలిసింది, మిగతా సెల్స్‌లో 1.250 దగ్గర ఉంటే దాంట్లో ఒక సెల్ 1.150 కూడా దాటలేదు.

అదొక్కటే మారిస్తే సరిపోదా అని మీకూ అనిపించొచ్చు. ముసలి బ్యాటరీల మధ్య కొత్తది ఒక్కటి పెడితే చార్జింగ్‌లో అవి ఒకదానికొకటి కలిసిరావు, కొత్తది కూడా తొందరగా అరిగిపోతుంది. కాబట్టి సెట్ మొత్తం మార్చాల్సిందేనని తేలింది, కానీ అప్పటికీ కొనలేదు.

ఎందుకంటే అదే టెస్టులో ఒక లగ్గు (కేబుల్ చివర బిగించే లోహపు ముక్క) మీద చెయ్యి పెడితే కాలింది. మీటర్ ఒక ముల్లు బ్యాటరీ పోస్టు మీద, రెండోది దానికి బిగించిన లగ్గు మీద పెట్టి, బండి కదులుతుండగా చూశాను. దాదాపు సున్నా రావాల్సిన చోట 0.8 వోల్టులు వచ్చింది. తక్కువే కదా అనిపిస్తుంది, కానీ 150 ఆంపియర్లు పారుతున్నప్పుడు 0.8 అంటే ఆ ఒక్క జాయింటులోనే 120 వాట్ల వేడి. సీసం పోస్టు కరగడం అలాగే మొదలవుతుంది. తెల్లగా పట్టిన పొడిని నీళ్లలో కలిపిన వంట సోడాతో కడిగి (సెల్స్ లోపలికి చుక్క కూడా పోకూడదు, మూతలు గట్టిగా బిగించాకే), కేబుల్స్ అన్నీ తీసేసి లావుపాటి 2 గేజ్‌వి వేశాను. ఈ పనికి ముందు స్విచ్ టో (బండిని వేరే బండితో లాగించేటప్పుడు పెట్టే) పొజిషన్‌లో పెట్టి, మెయిన్ నెగటివ్ విప్పి, ఉంగరం, గడియారం తీసేసి, స్పానర్ పిడికి టేపు చుట్టుకున్నాను. ఈ బ్యాటరీల మీద స్పానర్ అడ్డంగా పడితే ఏమవుతుందో ఒక్కసారి ఊహించుకుంటే చాలు.

సోలెనాయిడ్ కూడా పాడైంది. దాని టెర్మినల్స్ మధ్య ఉండాల్సిన ప్రీచార్జ్ రెసిస్టర్ ఒక పక్క తెగిపోయి ఉంది. అది లేకపోతే మోటారుకి ఎంత కరెంటు పంపాలో చూసుకునే కంట్రోలర్ లోపలి కెపాసిటర్లు ఒక్కసారిగా నిండుతాయి, ఆ మెరుపుకి కాంటాక్టులు గుంటలు పడిపోతాయి. సోలెనాయిడ్, రెసిస్టర్ రెండూ కలిపి మార్చాను.

ఆ తర్వాతే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ తెచ్చాను. 16 సెల్స్, 51.2 వోల్టులు. పాత ఆరూ కలిపి 170 కిలోల దాకా ఉండేవి, ఇది 50 కిలోల లోపే, బండి వెనక భాగం కాస్త పైకి లేచింది కూడా. చార్జర్ తప్పకుండా మార్చాలి, దీనికి పైన 58.4 వోల్టుల దగ్గర ఆగేది కావాలి. చార్జ్ ఎంతుందో చూపించే పాత ముల్లు ఇక నమ్మడానికి పనికిరాదు, ఈ ప్యాక్ వోల్టేజ్ చివరిదాకా పెద్దగా తగ్గదు కాబట్టి ఫుల్ చూపిస్తూనే ఉండి ఉన్నట్టుండి పడిపోతుంది. లోపలికి, బయటికి పోయే కరెంటును షంట్‌తో (కరెంటు కొలవడానికి దారిలో పెట్టే చిన్న రెసిస్టర్) లెక్కపెట్టే మీటర్ పెట్టుకోండి. ప్యాక్ కొనేటప్పుడు దాని బీఎంఎస్ (ప్యాక్‌ని కాపాడే లోపలి సర్క్యూట్) ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో, మీ కంట్రోలర్ ఎన్ని లాగుతుందో పక్కపక్కన పెట్టి చూడండి, లేకపోతే సరిగ్గా ఎత్తు మధ్యలో ప్యాక్ ఆఫ్ అయిపోతుంది.

లైట్లకి 12 వోల్టుల కోసం వోల్టేజ్ రెడ్యూసర్ పెట్టాను. లెడ్ యాసిడ్‌తోనే ఉండేవాళ్లు ఒకట్రెండు బ్యాటరీల నుంచి వైరు లాగి లైట్లు వెలిగించుకోవద్దు, అవి మిగతావాటి కంటే ముందే చచ్చిపోతాయి.

కంట్రోలర్ మార్చి స్పీడు పెంచుదామని తమ్ముడు గోల. దానికంటే ముందు, వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు విప్పాను. ఈ బండ్లకి చాలావాటిలో బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి, మాదాంట్లో ఒక పక్క షూ రివిట్ల దాకా అరిగిపోయి ఉంది, కేబుల్ తుప్పు పట్టి లాగిన చోటే ఉండిపోతోంది. గంటకి 20 కిలోమీటర్ల నుంచి 30కి పెంచితే ఆపాల్సిన శక్తి రెండింతలు దాటుతుంది. షూలు, కేబుల్స్ కొత్తవి వేశాను, స్పీడు జోలికి మాత్రం వెళ్లలేదు. నడిపేది నాన్న.

నిన్న సాయంత్రం ఆయన ఒక్కరే అదే ఎత్తు ఎక్కి మొక్కల దాకా వెళ్లి వచ్చారు. దిగీ దిగకముందే సీటు ఎత్తి లగ్గులన్నీ ఒక్కొక్కటే పట్టుకు చూశాను. ఒక్కటీ వేడెక్కలేదు.