డెస్కు చివర ఉకారం

జపాన్‌లోని తొయామాలో మొదటి ఇంగ్లీషు పాఠం రోజు నా చేతిలో ఒక కార్డు, దాని మీద బల్ల బొమ్మ. "డెస్క్" అన్నాను. ముప్పై అయిదు మంది పిల్లలు ఒకే గొంతుతో "దెసుకు" అన్నారు. చివర ఉన్న ఆ ఉకారాన్ని తీయించడమే నా ఉద్యోగం. మళ్లీ "డెస్క్" అన్నాను. మళ్లీ "దెసుకు". నాకు నవ్వు ఆగలేదు. తెనాలిలో మా అమ్మమ్మ కూడా డెస్కు అనే అంటుంది. బస్సు, బెడ్డు, బ్యాగు, హోటలు. మాటని హల్లు మీద వదిలేస్తే ఆవిడకి విస్తరి ముందు నుంచి సగంలో లేచిపోయినట్టు ఉంటుంది.

ఈ ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ చేసిన ఏజెన్సీ ఆవిడ చాలా మర్యాదగా, "మీ యాస కొంచెం తగ్గించగలరా?" అని అడిగింది. తగ్గిస్తానన్నాను. అవసరం నాది. ఆ తర్వాత పన్నెండేళ్లు ఇంగ్లీషు మీడియంలోనే చదివానని కాగితాలు కావాలన్నారు. నేను చదివిన చిన్న స్కూలు మూతపడి చాలా కాలమైంది. దాని రికార్డులు ఎవరి బీరువాలో ఉన్నాయో కనుక్కోవడానికి నాన్న పది రోజులు స్కూటర్ మీద తిరిగాడు. వీసా కన్నా ఆ సర్టిఫికెట్టుకే ఎక్కువ టెన్షన్ పడ్డాం.

జపాన్ అనగానే అందరికీ టోక్యో గుర్తొస్తుంది. తొయామా జపాన్ సముద్రం వైపు ఉంటుంది, జనాభా సుమారు నాలుగు లక్షలు. 2015లో షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు వచ్చాక టోక్యో నుంచి రెండు గంటల పది నిమిషాల ప్రయాణం. ఊళ్లో ట్రాములు తిరుగుతాయి. ఆకాశం తేటగా ఉన్న రోజున వీధి చివర మూడు వేల మీటర్ల తతెయామా కొండలు ఎవరో గోడ కట్టినట్టు కనిపిస్తాయి. చలికాలంలో రోడ్డు మధ్య చిన్న చిన్న గొట్టాల నుంచి భూగర్భ జలాన్ని చిమ్మించి మంచు కరిగిస్తారు. ఆ సంగతి తెలియక మామూలు బూట్లతో బడికి వెళ్లి రోజంతా తడి సాక్సులతో పాఠాలు చెప్పాను.

అద్దె ఇల్లు తాళం తీస్తే లోపల ఏమీ లేదు. గ్యాస్ పొయ్యి సరే, లైటు కూడా లేదు. ఇక్కడ ఖాళీ చేసేవాళ్లు లైట్లు ఊడదీసుకుని పోతారట. మొదటి రాత్రి ఫోను వెలుతురులో పులిహోర పొట్లం విప్పుకున్నాను.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఇది ఎవరూ ముందు చెప్పరు. విదేశీయుల్ని బళ్లలో ఇంగ్లీషు నేర్పడానికి రప్పించేందుకు ప్రభుత్వం 1987 నుంచి నడుపుతున్న జెట్ పథకంలో వచ్చినవాళ్ల పరిస్థితి కాస్త మెరుగు. ఏజెన్సీ పంపితే వచ్చిన నాకు ఆగస్టులో బడి ఉండదు కాబట్టి జీతం కూడా సగమే, అదీ ఒప్పందంలో చివరి పేజీలో ఉంది. ఇక నివాస పన్ను. అది కిందటి ఏడాది ఆదాయం మీద వేస్తారు కాబట్టి మొదటి ఏడాది ఏమీ కట్టక్కర్లేదు. హాయిగా ఉందనుకుంటాం. రెండో ఏడాది జూన్‌లో సిటీ ఆఫీసు నుంచి కవరు వస్తుంది, ఆ నెల ఇంటికి డబ్బు పంపడం కుదరదు.

బడిలో నన్ను ఇంటిపేరుతో పిలుస్తారు. మనలాగే వాళ్లకీ ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. కానీ పుట్టి బుద్ధెరిగాక నన్ను ఇంటిపేరు పెట్టి పిలిచింది హాజరు పట్టీ ఒక్కటే. పైగా మా ఇంటిపేరులో ల ఉంది. వాళ్లకి ల లేదు, ర ఉంది. మొదటి వారం స్టాఫ్ రూములో ఎవరినో పిలుస్తున్నారనుకుని తల వంచుకుని కూర్చున్నాను.

నేను చదువు చెప్పేదాన్ని అనుకుని వెళ్లాను కానీ సగం రోజు భోజనం, చీపురు. మధ్యాహ్నం తెల్ల టోపీలు, ఏప్రన్లు వేసుకుని పిల్లలే వడ్డిస్తారు, టీచర్లు కూడా అదే తరగతిలో అదే తింటారు. నేను చేప, కోడి తింటాను, గొడ్డుమాంసం తినను. నెల ముందే మెనూ కాగితం ఇస్తారు కదా అని, ఆవుకి వాడే అక్షరం ఒక్కటి నేర్చుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ప్రతి రోజు గడిలోనూ ఆ అక్షరం ఉంది! ఈ ఊళ్లో రోజూ ఇదేనా అని ఏడుపొచ్చి అన్ని రోజులూ కొట్టేశాను. కాగితం చూసి వైస్ ప్రిన్సిపాల్ గారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక పాల ప్యాకెట్టు తెచ్చి నా ముందు పెట్టి దాని మీద అక్షరాలు చూపించారు. పాలని వాళ్లు ఆవుపాలనే రాస్తారు. చేపల కూర, అన్నం, సూపు ఏదున్నా పక్కన 200 మిల్లీలీటర్ల పాలు తప్పవు. పెరుగన్నం తిన్న నోటికి అన్నం మీద చల్లని పాలు తాగడం ఇప్పటికీ అలవాటు కాలేదు.

తినడం అయ్యాక గదులు తుడవడం. పిల్లలు గుడ్డ నేలకానించి వంగి పరిగెడతారు. మా ఊళ్లో పిల్లల చేత చీపురు పట్టిస్తే తల్లిదండ్రులు బడి మీదికొస్తారు. ఇక్కడ హెడ్‌మాస్టరే చేతి తొడుగులు వేసుకుని కలుపు పీకుతుంటారు.

"ఇండియాలో పంతొమ్మిదో ఎక్కం దాకా వస్తుందట కదా?" అని ప్రతి తరగతిలోనూ అడిగారు. నేను ఇరవై దాకా అప్పజెప్పినదాన్నే. పంతొమ్మిది పంతొమ్మిదులు ఎంత అంటే మాత్రం నోట మాట రాలేదు. దేశం పరువు పోయిందనిపించి ఆ రాత్రి పద్దెనిమిదీ పంతొమ్మిదీ మళ్లీ బట్టీ పట్టాను. మూడు వందల అరవై ఒకటి.

పాఠంలో మాత్రం మొదటి ఏడాది నేను మీట నొక్కితే మోగే టేప్ రికార్డర్ని. ఇంగ్లీషు చెప్పే జపనీస్ టీచరు వివరిస్తారు, నేను చదువుతాను, పిల్లలు అంటారు. దెసుకు. బెద్దొ. బగ్గు.

ఒకరోజు టీచరు గారు ఆలస్యంగా వచ్చారు. నాకేం తోచిందో, బోర్డు మీద రెండు వరసలు రాశాను. ఒక పక్క వాళ్ల బసు, బెద్దొ, హొతెరు. ఇంకో పక్క బస్సు, బెడ్డు, హోటలు, విదేశీ మాటలకి వాళ్లు వాడే కతకానా అక్షరాల్లోనే. రెండో వరస మా అమ్మమ్మ ఇంగ్లీషు అని చెప్పాను. గదిలో చప్పుడు లేదు. ఎప్పుడూ వెనక బల్ల మీద పడుకునే అబ్బాయి తలెత్తి అడిగాడు, "మీ అమ్మమ్మ గారు జపాన్ ఆవిడా?"

ఆ రోజు నుంచి రెండు భాషల పోలికలు వెతకడం మొదలైంది. వాళ్ల "అ ఇ ఉ ఎ ఒ" తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. పూర్వం సంస్కృతం చదువుకున్న బౌద్ధ భిక్షువుల వల్ల వచ్చిన వరస. ఒకప్పుడు హ బదులు ప అనేవారట, అప్పుడు మన అక్షరమాల పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. వాక్యం కూడా అంతే. నేను, అన్నం, తింటాను. వతాషి, గొహాన్, తబెరు. ఈ పిల్లలు "ఐ రైస్ ఈట్" అని ఎందుకు రాస్తారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేనూ మూడో తరగతిలో అదే రాసి దెబ్బలు తిన్నాను. యాస తగ్గించుకోమన్న ఏజెన్సీ ఆవిడకి ఇదంతా చెప్పాలని ఉంటుంది, చెప్పను.

ఇప్పుడు క్లాసులో ఎవరైనా "దెసుకు" అంటే నేను దిద్దక్కర్లేదు. మిగతా వాళ్లంతా కలిసి "తెనారి!" అని అరుస్తారు. వాడు నాలుక కరుచుకుని "డెస్క్" అంటాడు.

రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేస్తే అక్కడ సాయంత్రం ఆరు, అమ్మమ్మ అరుగు మీద ఉంటుంది. నీ ఊరి పేరు చెప్పి ఇక్కడ పిల్లల్ని దిద్దుతున్నారే అని జరిగిందంతా చెప్పాను. ఓపిగ్గా విన్నది.

"బాగానే ఉంది గానీ ఏమే, డెస్కుని డెస్కు అనక మరేమంటారు?"