నెట్, గేట్ పేపర్లలో సముద్రం ఎక్కడుంది? మెరైన్ ఎకాలజీ వైపు వెళ్లేవారికి ప్రిపరేషన్ వివరాలు

మెరైన్ బయాలజీ, జువాలజీ, ఓషనోగ్రఫీ పీజీ చేసినవాళ్లు నెట్ సిలబస్ తెరవగానే అడిగే మొదటి ప్రశ్న: "మన సబ్జెక్టు ఇందులో ఎక్కడుంది?" ఆ పేరుతో విడిగా పేపర్ లేదు. ముందున్న దారులు ప్రధానంగా మూడు. సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్, అదే నెట్‌లో ఎర్త్-అట్మాస్ఫియరిక్-ఓషన్-ప్లానెటరీ సైన్సెస్, గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్. రెండోదాంట్లో సముద్రం ఉన్నా, ప్రవాహాలు, అలలు, సముద్ర రసాయనశాస్త్రం వైపే బరువెక్కువ. డిగ్రీలో ఫిజిక్స్, మ్యాథ్స్ గట్టిగా ఉన్నవాళ్లకే అది. జీవుల మీద పనిచేయాలనుకునేవారు లైఫ్ సైన్సెస్, గేట్ ఎకాలజీ రెండూ కలిపి చదవడం మేలు. రెండింటికీ సిలబస్ బాగా కలుస్తుంది. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

లైఫ్ సైన్సెస్ పేపర్ మూడు గంటలు, 200 మార్కులు. పార్ట్ ఏలో 20కి 15, పార్ట్ బీలో 50కి 35 ప్రశ్నలు, ఒక్కోటి 2 మార్కులు. పార్ట్ సీలో 75కి 25, ఒక్కోటి 4 మార్కులు. తప్పుకు పావు వంతు కోత. పార్ట్ సీ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి. నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేయగలిగితే, మిగతా రెండిట్లో ఒకటి పెట్టినా సగటున 1.5 మార్కుల లాభం. అసలు నష్టం మైనస్ మార్కులతో కాదు, స్లాట్లతో. 25 దాటి పెట్టినవి లెక్కలోకి రావు. మొదటి పేజీల్లోని సెల్ బయాలజీ ప్రశ్నలకు సగం నమ్మకంతో స్లాట్లు ఖర్చుపెట్టేస్తే, చివర్లో వచ్చే ఎకాలజీ, ఎవల్యూషన్ ప్రశ్నలకు చోటు మిగలదు. కాబట్టి పార్ట్ సీని వెనక నుంచి మొదలుపెట్టండి. 9వ యూనిట్ జీవ వైవిధ్యం, 10 ఎకాలజీ, 11 ఎవల్యూషన్-బిహేవియర్, 12 అప్లైడ్, 13 మెథడ్స్. ఈ ఐదూ గట్టిగా ఉంటే, వాటికి తోడు జంతు శరీరధర్మశాస్త్రం, డెవలప్‌మెంటల్ బయాలజీ చాలు. ఇమ్యునాలజీ పుస్తకం మొత్తం కొని మూడు నెలలు దాంట్లో మునిగిపోవద్దు.

ఇక అసలు విషయం. జనరల్ ఎకాలజీ అని మనం చదివే సూత్రాల్లో చాలావాటికి పునాది ఒడ్డునే పడింది. 1961లో కానెల్ స్కాట్లండ్ తీరంలో బార్నకిల్స్ (రాళ్లకు అంటుకుని బతికే చిన్న పెంకు జీవులు) మీద చేసిన ప్రయోగం తీసుకోండి. వాటిలో థామలస్ అనే రకం తీరపు పై అంచున, బెలానస్ అనే రకం కింది భాగంలో బతుకుతాయి. బెలానస్‌ను గీకేస్తే థామలస్ కిందికీ దిగుతుంది. థామలస్‌ను తీసేసినా బెలానస్ మాత్రం పైకి ఎక్కలేదు, ఎండను తట్టుకోలేదు కనుక. పై హద్దును భౌతిక పరిస్థితులు, కింది హద్దును పోటీ నిర్ణయిస్తాయన్నమాట. ఫండమెంటల్ నిచ్ (జీవి బతకగలిగిన మొత్తం చోటు), రియలైజ్డ్ నిచ్ (పోటీ వల్ల నిజంగా దక్కిన చోటు) మీద ఏ ప్రశ్న వచ్చినా ఈ బొమ్మ కళ్ల ముందుంటే చాలు. 1966లో పెయిన్ పైసాస్టర్ నక్షత్ర చేపను తొలగిస్తే ఆ రాళ్ల మీది జాతులు 15 నుంచి 8కి పడిపోయాయి. మస్సెల్స్ చోటంతా ఆక్రమించుకోవడమే కారణం. కీస్టోన్ ప్రిడేటర్ అంటే ఇదే. సీ ఆటర్, సీ అర్చిన్, కెల్ప్ గొలుసు ట్రోఫిక్ కాస్కేడ్‌కు (పై వేటజీవిలో మార్పు ఆహార గొలుసు కింది దాకా పాకడం) ఉదాహరణ. తలకిందుల బయోమాస్ పిరమిడ్‌కు ఫైటోప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు). తలకిందులు కావడానికి కారణం టర్నోవర్ (పుట్టి, తినబడి, మళ్లీ పుట్టడం) వేగమని, శక్తి పిరమిడ్ మాత్రం ఎప్పటికీ తలకిందులు కాదని పక్కనే రాసుకోండి. ఆప్షన్లలో మెలిక పెట్టేది అక్కడే.

లెక్కలు రోజూ చేయాలి. గేట్‌లో సంఖ్య టైప్ చేసే ప్రశ్నలకు మైనస్ లేదు, వర్చువల్ కాలిక్యులేటర్ ఇస్తారు. అయినా మార్కులు పోయేది యూనిట్ల దగ్గరే. ఎక్కువగా జరిగే తప్పులు ఇవి.

0.04 చదరపు మీటర్ల వాన్ వీన్ గ్రాబ్ (అడుగు బురదను దవడలతో పట్టి తెచ్చే పరికరం) మూడుసార్లు వేస్తే మొత్తం 36 పురుగులు దొరికాయి. చదరపు మీటరుకు ఎన్ని? 36ను 25తో గుణించి 900 అనేస్తారు. మూడు గ్రాబ్‌ల వైశాల్యం 0.12, కాబట్టి సమాధానం 300.

ప్లాంక్టన్ వల నోటి వ్యాసం 0.5 మీటర్లు, ఫ్లోమీటర్ లెక్కన లాగిన దూరం 100 మీటర్లు. వడపోసిన నీరు సుమారు 19.6 ఘనపు మీటర్లు. 200 మిల్లీలీటర్ల నమూనాలో 10 మిల్లీలీటర్లు తీసి లెక్కిస్తే 98 కోపిపాడ్లు (చిన్న ప్లాంక్టన్ జీవులు). మొత్తం 1,960, అంటే ఘనపు మీటరుకు 100. వ్యాసాన్నే వ్యాసార్ధంగా వేసినవాళ్లకు 25 వస్తుంది. ఆప్షన్లు ఇస్తే వాటిలో అదీ ఉండొచ్చు.

మూడు జాతులు, 50, 30, 20 చొప్పున. జాతి వైవిధ్యాన్ని కొలిచే షానన్ సూచిక సహజ లాగ్‌తో 1.03, ఈవెన్‌నెస్ 0.94, సింప్సన్ వైవిధ్యం 0.62. లాగ్ బేస్ 2 అయితే షానన్ 1.49 అవుతుంది. బేస్ ఏదో ప్రశ్నలో చూడకుండా మొదలుపెట్టొద్దు.

సెక్కి డిస్క్ (నీటి పారదర్శకత కొలిచే పళ్లెం) 8.5 మీటర్ల దగ్గర కనుమరుగైతే, 1.7ను దానితో భాగిస్తే కాంతి క్షీణత గుణకం 0.2. కాంతి 1 శాతానికి పడిపోయే లోతు 4.6ను 0.2తో భాగించగా 23 మీటర్లు.

మడ అడవిలో 60 పీతలకు రంగు గుర్తు పెట్టి వదిలారు. రెండోసారి పట్టిన 50లో గుర్తున్నవి 12. అంచనా 250. ఈలోగా కొన్ని పీతలు పెంకు విడిస్తే? గుర్తు పెంకుతో పాటే పోతుంది, 12 తగ్గుతుంది, అంచనా అసలుకన్నా ఎక్కువొస్తుంది. ఈ దిశను అడిగే ప్రశ్నలు పార్ట్ సీకి సరిగ్గా సరిపోతాయి.

లోతు సముద్రానికి ముందు హద్దులు నోటికి రావాలి. 200 మీటర్ల వరకు వెలుతురు పొర, 4,000 వరకు బాథియల్, 6,000 వరకు అబిస్సల్, ఆ కింద హేడల్. ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరుగుతుంది. 1977లో గలపాగోస్ దగ్గర హైడ్రోథర్మల్ వెంట్లు (సముద్రపు అడుగున వేడి నీటి ఊటలు) బయటపడ్డాక రసాయన సంశ్లేషణ ఆధారిత జీవం పుస్తకాల్లోకి వచ్చింది. కానీ "వెంట్ జీవులకు సూర్యుడితో సంబంధమే లేదు" అనే వాక్యం కనిపిస్తే ఆగండి. ట్యూబ్ వార్మ్ లోపలి బ్యాక్టీరియా సల్ఫైడ్‌ను ఆక్సీకరించడానికి వాడే ఆక్సిజన్ పైన కిరణజన్య సంయోగక్రియలో పుట్టిందే.

మన రెండు సముద్రాల పోలికకు తప్పకుండా ఒక పూట కేటాయించండి. నైరుతి రుతుపవనాల్లో సోమాలియా, ఒమన్ తీరాల్లో అప్‌వెల్లింగ్ (కింది నీరు పైకి రావడం), శీతాకాలంలో ఉత్తర అరేబియా సముద్రంలో చల్లబడిన నీరు కిందికి కలవడం, ఈ రెండూ పోషకాలను పైకి తెస్తాయి. ఉత్పాదకత ఎక్కువ, కుళ్లేదీ ఎక్కువ, సుమారు 150 నుంచి 1,000 మీటర్ల మధ్య ఆక్సిజన్ దాదాపు ఖాళీ. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు తేలికగా పైన పరుచుకుని మూతలా పనిచేస్తుంది. కింది పోషకాలు పైకి రావు. ఆక్సిజన్ తక్కువ పొర ఇక్కడా ఉన్నా, డీనైట్రిఫికేషన్ (బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చడం) అరేబియా సముద్రంలో ఉన్నంత బలంగా జరగదు.

రాత పరీక్ష తర్వాతి ఇంటర్వ్యూ పూర్తిగా వేరే ఆట. పీహెచ్‌డీ సీటుకైనా ప్రాజెక్ట్ పోస్టుకైనా మీ డిసర్టేషన్‌లోని మెథడ్స్ పేజీ నుంచే మొదలుపెడతారు. "గ్రాబ్ వాడాం" అంటే సరిపోదు. దవడల మధ్య రాయి ఇరుక్కుంటే బురద కారిపోతుంది, ఆ నమూనా పారేయాలి. వేగంగా దింపితే ముందు తోసుకొచ్చే నీరు పైపొరను చెదరగొడుతుంది, చిన్న జీవులు లెక్కలో తగ్గుతాయి. అందుకే లోతు సముద్రంలో అడుగు పొరను అంతగా చెదరకుండా తెచ్చే బాక్స్ కోరర్, ఇంకా మెరుగ్గా మల్టీకోరర్. తీరంలో మాక్రోఫానాకు (కంటికి కనిపించే అడుగు జీవులు) 0.5 మిల్లీమీటర్ల జల్లెడ సరిపోతే లోతులో 0.3 వాడతారు, అక్కడి జీవులు చిన్నవి కనుక. 10 శాతం ఫార్మలిన్ అంటే 4 శాతం ఫార్మాల్డిహైడ్. బోరాక్స్ కలపకపోతే అది ఆమ్లంగా మారి గవ్వలను కరిగిస్తుంది. డీఎన్‌ఏ తీయాలంటే ఫార్మలిన్ వద్దు, ఇథనాల్.

నీటిలోని ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతి మీద కూడా లోతుగా అడుగుతారు. మాంగనీస్ లవణం, ఆల్కలైన్ అయోడైడ్ వేశాక గోధుమ రంగు అవక్షేపం వస్తే ఆక్సిజన్ ఉంది, తెల్లగానే ఉంటే దాదాపు లేదు. సీసాలో ఒక్క గాలి బుడగ మిగిలినా, ఆక్సిజన్ లేని పొర నుంచి తెచ్చిన నీటిలో రీడింగ్ తప్పుగా పైకి పోతుంది. నీటి నమూనా తెచ్చే నిస్కిన్ బాటిల్ నుంచి గొట్టాన్ని సీసా అడుగుదాకా పెట్టి, నీటిని పొంగి పొర్లనిచ్చేది అందుకే. క్లోరోఫిల్‌కు జీఎఫ్/ఎఫ్ (గాజు నార) ఫిల్టర్, 90 శాతం అసిటోన్, చీకట్లో చల్లగా ఒక రాత్రి. 750 నానోమీటర్ల రీడింగ్ ఎందుకు తీసేస్తారో కూడా చెప్పగలగాలి. అది మసకతనానికి సవరణ.

సంస్థ పనేమిటో తెలుసుకోకుండా ఇంటర్వ్యూకు వెళ్లొద్దు. గోవాలోని ఎన్‌ఐఓకు (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓషనోగ్రఫీ) విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. కొచ్చిలోని సీఎంఎల్‌ఆర్‌ఈ సాగర్ సంపద నౌకతో సముద్ర జీవవనరులను పరిశీలిస్తుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ జాలర్లకు చేపలు దొరికే చోట్ల సమాచారం ఇస్తుంది, అక్కడ ఉపగ్రహ క్లోరోఫిల్ పటాలు చదవడం రావాలి. చెన్నైలోని ఎన్‌ఐఓటీ ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లేలా మత్స్య 6000 జలాంతర వాహనాన్ని తయారుచేస్తోంది. 2021లో ఆమోదం పొందిన డీప్ ఓషన్ మిషన్‌లో లోతు సముద్ర జీవవైవిధ్యం ఒక విభాగం. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల మేర లోహ గడ్డల అన్వేషణ హక్కు మనకుంది. "గడ్డలు తవ్వితే జీవులకేమవుతుంది?" అని అడిగితే మూడు ముక్కల్లో చెప్పాలి. గడ్డ మీదే అంటుకుని బతికే జీవులకు చోటు పోతుంది. పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లే పెరిగే గడ్డ తిరిగి రాదు. లేచిన బురద మేఘం దూరంగా ఉన్న వడపోత జీవుల మీదా పడుతుంది.

జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్) అయ్యాక 42,000, పైన ఇంటి అద్దె భత్యం. ఫెలోషిప్ రాని ఏడాదిలో ప్రాజెక్ట్ అసోసియేట్ పోస్టులు చూడండి. ఆ సంస్థల వెబ్‌సైట్లలోనే నోటిఫికేషన్లు వస్తాయి, చాలావాటికి గడువు తక్కువ. కాబట్టి బయోడేటా, సర్టిఫికెట్లు ఒకే పీడీఎఫ్‌గా సిద్ధంగా ఉంచుకోండి. బయోడేటాలో "ఫీల్డ్ వర్క్ చేశాను" అని రాయకండి. ఏ నదీ మొగలో (నది సముద్రంలో కలిసే చోటు), ఎన్ని స్టేషన్లలో, ఏ పరికరంతో, ఏ గ్రూపును ఏ స్థాయి వరకు గుర్తుపట్టగలరో రాయండి. పాలీకీట్లను (సముద్రపు పురుగులు) కుటుంబం వరకు గుర్తుపట్టగలనని రాసినవాళ్ల ముందు మైక్రోస్కోప్ పెట్టే అవకాశం ఉంది, వెళ్లే ముందు స్లైడ్లు మళ్లీ చూసుకోండి.