జెస్ట్ టెస్టుల్లో పరాయి వార్నింగుల గోల: నా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న ఆఫీసు. మిర్చి కోల్డ్ స్టోరేజీలకు లాట్లు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క చూసే వెబ్ అప్లికేషన్ రాస్తాం. పేజీలు కట్టడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్‌ను 18.3కి మార్చాక, జెస్ట్‌లో (టెస్టులు నడిపే సాధనంలో) టెస్టులన్నీ పాసవుతున్నా టెర్మినల్ నిండా ఎర్ర అక్షరాలే. "అక్కా, ఫెయిలైన టెస్టు ఎక్కడుందో వెతుక్కోవడానికే సగం పొద్దు పోతోంది" అని మా జూనియర్ విసుక్కున్నాడు.

చదివితే అన్నిట్లో ఒకటే మాట: ఫంక్షన్ కాంపొనెంట్లలో (ఫంక్షన్‌గా రాసిన పేజీ ముక్కల్లో) డీఫాల్ట్‌ప్రాప్స్‌కి, అంటే విలువ ఇవ్వనప్పుడు వాడే ముందస్తు విలువలకి, ముందు ముందు సపోర్టు ఉండదని. 2024 ఏప్రిల్‌లో 18.3 వచ్చిందే 19కి ముందు ఇలాంటివి చెప్పడానికి. కాకపోతే డీఫాల్ట్‌ప్రాప్స్ వాడింది మేం కాదు, బయటి నుంచి తెచ్చుకున్న టేబుల్ కాంపొనెంట్. బయటి ప్యాకేజీలు ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లో చెయ్యి పెట్టి సరిచేసినా మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పోతుంది. నిజానికి రియాక్ట్ ఈ వార్నింగును ఒక్కో కాంపొనెంటుకు ఒకసారే ఇస్తుంది. జెస్ట్ మాత్రం ప్రతి టెస్టు ఫైలుకూ మాడ్యూళ్లను కొత్తగా లోడ్ చేస్తుంది కాబట్టి, ఆ టేబుల్ ఎన్ని ఫైళ్లలో ఉంటే అన్నిసార్లు వినాల్సిందే.

జెస్ట్‌కి సైలెంట్ ఆప్షన్ ఇస్తే మొత్తం నోరు మూసుకుంటుంది. అది ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. ఈ ఎర్ర అక్షరాలను చూపించే కన్సోల్.ఎర్రర్‌ను ఖాళీ ఫంక్షన్‌తో మాక్ చేయడమూ (దాని చోట ఉత్తుత్తిది పెట్టడమూ) అంతే, నన్నడిగితే.

మేం చేసింది ఇది. జెస్ట్ కాన్ఫిగ్‌లోని సెటప్‌ఫైల్స్‌ఆఫ్టర్‌ఎన్వ్‌లో ఇచ్చే ఫైల్లో (ప్రతి టెస్టు ఫైలుకూ ముందు నడిచేది) అసలు కన్సోల్.ఎర్రర్‌ను ఒక వేరియబుల్లో దాచి, దాని చోట మా ఫంక్షన్ పెట్టాం. ఫంక్షన్ మీద స్పై (నిఘా) పెట్టే జెస్ట్ స్పైఆన్ జోలికి పోలేదు. మా కాన్ఫిగ్‌లో రిస్టోర్‌మాక్స్ ఆన్‌లో ఉంది, అది ప్రతి టెస్టుకు ముందూ స్పైలను పీకేస్తుంది. ఇక మెసేజ్ పోల్చడం దగ్గరే అసలు తిరకాసు. తెర మీద ఒకే వాక్యంలా కనిపించినా ఫంక్షన్‌కి అలా రాదు. మొదటి ఆర్గ్యుమెంటులో కాంపొనెంట్ పేరు ఉండాల్సిన చోట పర్సెంట్ ఎస్ (%s) అనే గుర్తు ఉంటుంది, పేరు రెండో ఆర్గ్యుమెంటుగా విడిగా వస్తుంది. తెర మీది వాక్యాన్ని కాపీ చేసి పోలిస్తే ఎన్నేళ్లయినా కలవదు. అందుకే మొదటి దాంట్లో డీఫాల్ట్‌ప్రాప్స్ మాట, రెండో దాంట్లో ఆ టేబుల్ పేరు, రెండూ ఉంటేనే ఆ వార్నింగును చూపించకుండా వదిలేయమన్నాం. ఇలా వదిలేయాల్సినవాటికి ఒక జాబితా పెట్టుకున్నాం. మిగతావన్నీ అసలు కన్సోల్.ఎర్రర్‌కే వెళ్తాయి.

అక్కడితో ఆగలేదు. జాబితాలో లేని వార్నింగు ఏది వచ్చినా టెస్టు ఫెయిలవ్వాలన్నాను. అక్కడికక్కడే ఎర్రర్ త్రో చేస్తే కోడ్‌లో ఎర్రర్లను పట్టుకునే ఏ ట్రై క్యాచో దాన్ని మింగేయొచ్చు, కాబట్టి వచ్చినవన్నీ ఒక అర్రేలో పోగేసి, ప్రతి టెస్టు అయ్యాక నడిచే ఆఫ్టర్‌ఈచ్‌లో చూస్తాం. "ఇంత చాదస్తం ఎందుకక్కా" అన్నాడు జూనియర్. ఆ వారమే వాడు రాసిన లాట్ల పేజీలో కీ ప్రాప్ (ఒక్కో వరుసకు ఇవ్వాల్సిన గుర్తు) లేదని టెస్టు పడిపోయింది. మునుపైతే ఆ గోలలో ఎవరి కంటా పడేది కాదు.

జాబితాలో ఆ వరుస పక్కనే కామెంట్ రాసిపెట్టాం: రియాక్ట్ 19కి వెళ్లే ముందు ఈ టేబుల్ కొత్త వెర్షన్ చూడాలి. 19లో ఫంక్షన్ కాంపొనెంట్ల డీఫాల్ట్‌ప్రాప్స్ పనిచేయవు. అప్పుడు వార్నింగ్ రాదు, టేబుల్లో గళ్లు ఖాళీగా వస్తాయి.