ఎలిజిబిలిటీ ఫారం దాటి గ్రౌండ్‌లోకి: మా ఇంటర్ కాలేజియేట్ ఫుట్‌బాల్ సీజన్

నిన్నటితో మా సీజన్ అయిపోయింది. క్వార్టర్ ఫైనల్లో టైబ్రేకర్ (పెనాల్టీ కిక్కులు) దాకా లాగి ఓడాం. ఆ బాధ రెండ్రోజుల్లో పోతుంది, ఎలిజిబిలిటీ ఫారం బాధ మాత్రం పోయేలా లేదు. వచ్చే ఏడాది ఎవరి నెత్తినైనా టీమ్ మేనేజర్ పని పడితే పనికొస్తుందని మంట చల్లారకముందే రాస్తున్నా.

సెలక్షన్ తేలిక. రెండు సాయంత్రాలు ఆడిస్తే ఎవరికి ఎంత ఆట వచ్చో తెలిసిపోతుంది. 18 మందిని తీసుకున్నాం. అందులో ఇద్దరు కీపర్లు ఉండాల్సిందే.

అసలు కథ ఫారాల దగ్గర. ఒక్కో ఆటగాడికి ఒక్కో ఫారం. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంటర్ పాసైన ఏడాది, ఇప్పటి కోర్సులో చేరిన తేదీ రాసి, పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సంతకం, ప్రిన్సిపాల్ సంతకం చేయించాలి. వెనక టెన్త్ మెమో, ఇంటర్ మెమో, బోనఫైడ్, ఐడీ కార్డు జిరాక్సులు. ఒరిజినల్స్ చేతిలో ఉండాలి. రెగ్యులర్ కోర్సు వాళ్లకే ఛాన్స్, దూరవిద్య వాళ్లు కుదరదు. అటెండెన్స్ లేక డిటైన్ అయినవాణ్ణి టీమ్‌లో పెట్టే ముందు వాడి పేరు ఈ ఏడాది రోల్స్‌లో ఉందో లేదో ఆఫీసులో చూసుకోండి. వాడి మాట నమ్మొద్దు.

మా ఫారాలు యూనివర్సిటీ కౌంటర్ నుంచి రెండుసార్లు వెనక్కొచ్చాయి. మొదటిసారి స్టాంపు వల్ల. స్టాంపు సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. ఫొటో నున్నటి పేపరు కాబట్టి ఇంకు త్వరగా ఆరదు. మేం ఆరకముందే 18 ఫారాలూ ఒకదానిమీద ఒకటి పేర్చాం. నాలుగు ఫొటోల్లో మొహాలు ఊదారంగులోకి మారాయి. పది నిమిషాలు బల్ల మీద పరిచి ఉంచితే అయిపోయేది.

రెండోసారి పేర్లు. మా కీపర్‌కి టెన్త్ మెమోలో పేరు ముందు 'ఎండీ' అని ఉంది. ఆధార్‌లో పూర్తిగా మొహమ్మద్. బోనఫైడ్‌లో మా కాలేజీ వాళ్లు టైప్ చేసింది మూడో స్పెల్లింగ్. కౌంటర్‌లో ఉన్నాయన ఫారం పైకెత్తి, "ఎండీ అంటే డాక్టర్ చదువు కదా బాబూ, నీకు ఫుట్‌బాల్ ఎందుకు?" అన్నాడు, పక్క టేబుళ్లకి వినపడేలా. అందరూ నవ్వారు. మావాడు తలొంచుకుని నిలబడ్డాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మనిషికి ఎండీ అంటే ఏంటో తెలీదా? తెలుసు. గడువు మర్నాడు సాయంత్రమని కూడా తెలుసు.

ఇంటిపేర్లదీ ఇదే గోల. మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో చివర ఒక్క అక్షరం మిగులుతుంది. దీనికి మందు ఒకటే: టెన్త్ మెమోలో ఎలా ఉందో ఫారంలోనూ బోనఫైడ్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించండి. బోనఫైడ్ అక్కడే నిలబడి టైప్ చేయించండి. మాలో ముగ్గురికి, రెండు రకాల పేర్లూ ఒక్కడివేనని నోటరీ అఫిడవిట్ తీసుకోవాల్సొచ్చింది. దానికి ఒక పూట పోయింది, ప్రాక్టీసూ పోయింది.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ స్వర్ణం వచ్చినప్పుడు భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ ఈ హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబే. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచింది ఈ ఊరి పోలీసు జట్టే. అదే ఊళ్లో ఇప్పుడు పిల్లల ఆట కంటే పేరులో పొట్టి అక్షరాలు ముఖ్యమయ్యాయి.

సరే, గ్రౌండ్ సంగతి. మొరం నేల మీద మెటల్ స్టడ్లు వద్దు, మడమలు దెబ్బతింటాయి. రబ్బరు స్టడ్లున్న బూట్లు చాలు. బాల్ ఐదో సైజు, గాలి 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ మధ్య ఉండొచ్చు. గట్టి నేలకి మేం 9 దగ్గర ఆపాం, లేదంటే బాల్‌ని కాలితో ఆపబోతే మోకాలెత్తు ఎగురుతుంది. పంపు సూది తడిపి గుచ్చండి, పొడి సూదికి వాల్వ్ చిరుగుతుంది. జారి మోకాలు చెక్కుకుపోతే ముందు సబ్బునీళ్లతో మట్టి కడగాలి, యాంటీసెప్టిక్ స్ప్రే తర్వాత. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి. సగం బాటిల్లో మొత్తం పోస్తే కడుపులో తిప్పుతుంది.

షిన్‌గార్డులు 18 జతలూ ఉండాలి. చేతికి కట్టిన తాయెత్తు, కడియం, చెవిపోగు రిఫరీ తీయమంటాడు, టేపు చుట్టినా ఒప్పుకోడు. మావాడొకడు తాయెత్తు తీయనని పది నిమిషాలు బయటే నిలబడ్డాడు. వాళ్లమ్మకి ఫోన్ చేసి అడిగాక తీశాడు. జెర్సీలు రెండు రంగులు తీసుకెళ్లండి.

టైబ్రేకర్‌లో మా కీపర్ రెండు ఆపాడు. అదే ఎండీ. తన్నడంలో మావాళ్లే ముగ్గురు బయటికి కొట్టారు, 11 మీటర్ల నుంచి.

ఆ కీపర్‌ని యూనివర్సిటీ సెలక్షన్స్‌కి పిలిచారు. అక్కడ జట్టులోకి వస్తే సౌత్ జోన్ అంతర్ యూనివర్సిటీ టోర్నీ, జోన్‌లో జట్టు మొదటి నాలుగులో ఉంటే ఆలిండియా. మళ్లీ కొత్త ఫారం నింపాలి. పాత అఫిడవిట్ పనికొస్తుందో లేదో రేపు కౌంటర్‌లో అడగాలి. జెర్సీల బిల్లు అకౌంట్స్‌లోనే ఆగింది, మూడు కొటేషన్లు కావాలంట, మేం పెట్టింది రెండు.